కొలతకు నిలబడిన పిల్ల

మొన్నొక మధ్యాహ్నం కింద వాటాలో ఉండే సమీనా మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఆంటీ, సిటీ దగ్గర్ల నేచర్ ఫొటోలు తీయనీకి మంచి జాగా ఏదన్న చెప్పుండ్రి" అని అడిగింది. కాలేజీలో పోటీ పెట్టారట. చెట్టయినా, చెరువైనా, గుట్టయినా సరే, మనిషి కట్టింది మాత్రం ఏదీ కనబడకూడదట. "శాలిబండల ఏడికెళ్లి తేవాలె ఆంటీ నేచర్? డాబా మీదికెళ్లి చూస్తే నీళ్ల ట్యాంకులు, డిష్షులు. ఒక్క వేపచెట్టు ఉంది, దానికి గూడ కేబుల్ వైర్లు చుట్టిన్రు. మీ బాపుది ఫొటో స్టూడియో ఉండెనంట గదా, అమ్మీ చెప్పింది. మీకు ఎరకుంటదని వచ్చిన."

నా ఇంటికి మెట్లెక్కి వచ్చేవాళ్లు తక్కువ. ఆయన పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగంలోంచి దిగిపోయి అంతకంటే ఎక్కువే అయింది. గ్యాసు బండ మోసుకొచ్చే అతను, రంజాన్ నెలలో గిన్నె నిండా ఏదో ఒకటి పట్టుకొచ్చే సమీనా వాళ్లమ్మ, అంతే లెక్క. కొన్ని రోజులు సాయంత్రం దాకా నోరు విప్పే పని పడదు. పాలవాడితో మాట్లాడబోతే గొంతు పట్టేసి, ముందొకసారి దగ్గుకోవాల్సి వస్తుంది. అలాంటి దాన్ని వెతుక్కుంటూ వచ్చి ఒక పిల్ల, నాకు తెలిసిన సంగతే అడిగింది. ఎగిరి గంతేయాలి నిజానికి. నేను మాత్రం "నాకేం తెలుసమ్మా, అవన్నీ ఎప్పటివో" అన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. మెట్లు దిగుతున్న చప్పుడు విన్నాక నా మీద నాకే కోపం వచ్చింది. అబద్ధం ఆడాను. నాకు తెలుసు. ఈ ఊరి చుట్టుపక్కల గుట్టలు, కుంటలు, సీతాఫలం చెట్ల దారులు ఎక్కడెక్కడ ఉండేవో నాకు తెలిసినంతగా తెలిసినవాళ్లు ఇప్పుడు ఎందరు మిగిలారో. వాటి ముందరల్లా నేను నిలబడ్డాను కాబట్టి తెలుసు. మా బాపు నిలబెట్టాడు. ఆ సంగతి ఎత్తడం ఇష్టం లేకనే దాచాను.

మా స్టూడియో శాలిబండలో, ఒక గాజుల బట్టీ పక్క సందులో ఉండేది. ముందు గదిలో బెంచీ, అద్దం, దువ్వెన, ఒక పౌడరు డబ్బా. మధ్య గదిలో ఫొటో తీయడం. వెనక చీకటి గది. దాని వెనక మేము. వంటింట్లో పోపు వేస్తే స్టూడియోలో పెళ్లికూతురు తుమ్మేది, స్టూడియోలో ఫొటోలు కడిగే హైపో మందు కలిపితే మా పప్పుకు పుల్లటి వాసన పట్టేది. అమ్మ రోజూ ఏదో ఒకటి అనేది, బాపు రోజూ వినేవాడు, మర్నాడు మళ్లీ అంతే. బాపుకు మాటలు తక్కువ. ఫొటోకు కూర్చున్న మనిషితో కూడా "గదవ కొంచెం కిందికి", "కదలకు" అని రెండే మాటలు. లెన్సు తుడవడానికి తన పాత ధోవతి ముక్కను సబ్బు లేకుండా ఉతికి, నీడలో ఆరేసి, ఒక గాజు సీసాలో దాచుకునేవాడు. మా ఇంట్లో దేవుడి గుడ్డ కంటే దాని మడి ఎక్కువ.

స్టూడియోకు పేరు వచ్చింది మాత్రం కెమెరా వల్ల కాదు, పరదాల వల్ల. కూర్చునేవాళ్ల వెనక వేలాడే బొమ్మ పరదాలు మా దగ్గర ఏడో ఎనిమిదో ఉండేవి. మిగతా స్టూడియోల్లో తాజ్‌మహలో, మంచు కొండలో ఉంటే, మా దగ్గర మన గుట్టలే ఉండేవి, మన చెరువులే ఉండేవి. "గుండ్ల పరదా ఎయ్యి అన్నా", "తలాబ్ వాలా లగావ్ భాయ్" అని అడిగి మరీ వేయించుకునేవారు. దుబాయికి పోయే పిల్లవాడు పాస్‌పోర్టు ఫొటో అయిపోయాక, అమ్మకు ఇవ్వడానికని ఒకటి చెరువు ముందు నిలబడి తీయించుకునేవాడు. పెళ్లై వచ్చి పాతబస్తీ గల్లీలు దాటని ఆడవాళ్లు బుర్ఖా ముసుగు పైకి తీసి, ఆ బొమ్మ గుట్టల ముందు కాసేపు ఊరికే కూర్చుని పోయేవారు.

ఆ పరదాలు గీసేది ఖాజా చాచా. లాల్ దర్వాజా వైపు ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, గడ్డంలో ఎప్పుడూ ఏదో ఒక రంగు చుక్కతో. చూడందే గీయనని ఆయన పట్టు. బాపుకేమో ఫొటో తీయందే చూసినట్టు కాదు. ఇద్దరూ కలిసి పరదా చేసే పద్ధతి ఒకటి ఏర్పాటు చేసుకున్నారు. శుక్రవారం బజారు బందు. ఆ రోజు తెల్లవారక ముందే రెండు సైకిళ్ల మీద బయలుదేరి ఊరి బయట గుట్టల్లో తిరగడం, నచ్చిన చోట ఫొటో తీయడం, జుమా నమాజు వేళకు చాచా వెనక్కి వచ్చేయడం. తర్వాత ఆ ఫొటో చూస్తూ గుడ్డ మీద గీయడం. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ గొణిగేది. లోకమంతా సెలవు రోజు ఇంటిపట్టున ఉంటే ఈయన రాళ్ల కోసం పోతాడని. గొణుగుతూనే గురువారం సాయంత్రమే జొన్నరొట్టెలు చేసి, వెల్లుల్లి కారం, ఉల్లిగడ్డ పెట్టి సద్ది మూట కట్టేది. చాచా కుల్చాలు, ఉడకబెట్టిన గుడ్లు తెచ్చేవాడు. గుట్ట మీద కూర్చుని, మా రొట్టెలు చాచా, ఆయన కుల్చాలు నేను తినేవాళ్లం.

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు వాళ్లతో నన్నెందుకు తీసుకెళ్లేవారంటే, కొలతకు. ఫొటోలో రాతిగుండు ఎంత పెద్దదో ఎవరికి తెలుస్తుంది? ఇంతదీ కావచ్చు, ఇల్లంతదీ కావచ్చు. కొలత తప్పితే, పరదా ముందు నిలబడ్డ మనిషి గుట్టను మింగేస్తాడు, లేదా గుట్ట మనిషిని మింగేస్తుంది. కనుక ఎత్తు తెలిసిన మనిషి ఒకరు దృశ్యం మధ్యలో నిలబడాలి. నేనే ఆ మనిషిని. గురువారం సాయంత్రాలు బాపు నన్ను చీకటి గది తలుపు చౌకట్టుకు ఆనించి, తల మీద చెక్క పలక పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి, ఎత్తు ఒక చీటీ మీద రాసుకునేవాడు. ఆ చీటీ చాచాకు. చాచా నన్ను చూసి గుట్టను కొలిచి, గుట్ట వేసి, నన్ను వదిలేసేవాడు. పరదా మీద నేనుండే చోటు ఖాళీగా ఉండాలి, అది గిరాకీ నిలబడే చోటు.

ఐదారేళ్ల వయసులో అది నాకు గొప్పగానే ఉండేది. బాపు సైకిల్ డండా మీద, ఆయన గడ్డం కింద కూర్చుని, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, బార్కస్ దాటి పోవడం. బార్కస్‌లో చాయ్‌కి ఆగేవాళ్లం. పహాడీ షరీఫ్ దాటాక గాలి మారేది. అప్పటిదాకా పొగ, పేడ, బొగ్గు వాసన. అక్కడినుంచి తంగేడు, ఎండుగడ్డి, రాత్రి మంచుకు తడిసిన రాయి. రాయికి వాసన ఉంటుందంటే ఇప్పుడు సమీనా నవ్వుతుంది. చాచా ప్రతి గుండునూ అరచేత్తో నిమిరేవాడు, మట్టి వాసన చూసేవాడు, ఆకుపచ్చ కలపడానికి గుర్తని ఆకులు తెంపి జేబులో వేసుకునేవాడు. ఇంటికొచ్చేసరికి అవి వాడిపోయేవి, "ఛోడో, గీ రంగు గూడ మంచిగనే ఉంది" అని ఆ వాడిన రంగే వేసేవాడు. మా పరదాల్లో ఎప్పుడూ ఎండాకాలమే ఉండేదంటే అందుకే.

వాళ్లిద్దరికీ అన్నిటికంటే ఇష్టమైన చోటు జోడుగుండ్లు. పహాడీ షరీఫ్ దాటి లోపలికి పోతే, ఒక పెద్ద పలక బండ మీద పక్కపక్కనే రెండు గుండ్లు, వాటి వెనక చిన్న కుంట, కుంట చుట్టూ సీతాఫలం చెట్లు. ఎడమ గుండుకు అడ్డంగా ఒక పగులు ఉండేది, ఎవరో తాడుతో కొలిచి కోసినట్టు. ఏటా ఒకసారైనా అక్కడికి పోయేవాళ్లం. వానలకు కుంట నిండితే ఒక పరదా, ఎండితే ఇంకో పరదా. ప్రతిసారీ నేను ఎడమ గుండు ముందు, కాలివేళ్లు రాయికి తగిలేలా, ముఖం రాయి వైపు పెట్టి నిలబడాలి. "కదలకు బిడ్డా" అనేవాడు బాపు వెనక నుంచి. అంతదూరం నుంచి గొంతు వినబడేది తప్ప మనిషి కనబడేవాడు కాదు. ముక్కు ముందు రాయి, రాయి మీద చీమ.

కొంచెం పెరిగాక అడిగాను, ఎప్పుడూ వీపెందుకు, ఒక్కసారైనా ఇటు తిరిగి నిలబడతానని. "మొఖం కనవడితే చూపు మొఖం మీదికే పోతది రుక్కు. నాకు జాగా గావాలె" అన్నాడు. ఫొటోగ్రాఫరుగా ఆయన చెప్పింది నిజమే. కానీ పదకొండేళ్ల పిల్లకు ఆ నిజం ఎట్లా ఎక్కుతుంది? శాలిబండలో ఎవరి పిల్లకు పుట్టువెంట్రుకలు తీసినా బాపే ఫొటో తీసేవాడు, మా ఇంట్లో నా ముఖం ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. అమ్మ అడిగితే "మన మొఖాలకు రీలు దండుగ" అనేవాడు. బళ్లో తీసిన గుంపు ఫొటోలో మూడో వరసలో ఉన్నాను, అదీ ఎవరిదో జడ అడ్డం. బాపుకు నేను కొలతబద్దనేనా, కూతుర్నా అనే అనుమానం అప్పుడే మొదలైంది. పిల్లలకు వచ్చే అనుమానాలు పెద్దయ్యాక పోతాయంటారు. నాది పోలేదు.

దాన్ని ముదరబెట్టిన లొల్లి ఒకటి జరిగింది. నాకప్పుడు పదమూడు. జోడుగుండ్ల పరదా పాతబడిందని చాచా కొత్తది వేశాడు. బాపు జ్వరంతో పడి ఉండి, ఎండకముందు దాన్ని చూడలేదు. లేచిన వారంలోనే, ఇంకా నీరసం తీరకముందే, ఉప్పుగూడ నుంచి కొత్త జంట వస్తే, ఆ పరదా దించి, ఫొటో తీసి, కడిగి ఇచ్చేశాడు. రెండో రోజు పెళ్లికొడుకు తల్లి ఫొటో పట్టుకుని సందు మొదటి నుంచే అరుచుకుంటూ వచ్చింది. "ఏందయ్యా ఇది? నా కొడుకు పెండ్లి ఫొటోల గీ పొల్ల ఎవతి? పెండ్లయి నెల దాటలే, ఎనక బిడ్డ నిలవడ్డది! మా వాడకట్టోళ్లు ఏమంటరు?" చూస్తే నిజమే. పెళ్లికూతురి భుజం పక్క నుంచి, గుండు ముందర, రెండు జడలతో ఒక పిల్ల వీపు. చాచా నన్ను కూడా వేసేశాడు. అంతకుముందు రెండు కుటుంబాలు అదే పరదా ముందు తీయించుకుపోయాయట. ఎవరూ గమనించలేదు, వాళ్ల ఇళ్లలో పిల్లలు ఎక్కువ.

గాజుల బట్టీ వాళ్లు కూడా పని ఆపి వచ్చి నవ్వారు. నేను చీకటి గది తలుపు వెనక నిలబడి వింటున్నాను. నవ్వు నాకూ వచ్చింది. లోపల మాత్రం ఇంకోటి, చెప్పలేని సంతోషం. ఎవరో ఒకరు నన్ను వదిలేయకుండా వేశారు. సాయంత్రం చాచా వచ్చాడు, తల గోక్కుంటూ. "మాఫ్ కరో భాయ్. బేటీ లేకుంటె ఆ జాగా మొత్తం సూనా సూనా అనిపించింది. చెయ్యి ఆగలే." బాపు పరదా దగ్గరికి పోయి చూశాడు. తర్వాత అన్నాడు, "మంచిగనే ఏసినవ్ ఖాజా భాయ్. గని నడ్వది. గిరాకులు గిట్ల లొల్లికి మోపైతె దుకాణం బందే. గాడ ఒక పొద పెట్టు." చాచా రంగు కలిపి, నా జడల మీద, గౌను మీద ఒక తంగేడు పొద వేశాడు. తలుపు సందులోంచి చూశాను. కాళ్లు మొదట పోయాయి, జడలు ఆఖర్న.

ఆ తర్వాతి శుక్రవారం సద్ది మూట సిద్ధమయ్యాక నేను మంచం దిగలేదు. బాపు వచ్చి పిలిచాడు. "రాను" అన్నాను. "ఏమైంది?" "ఏం గాలే. నీకు కొలతే గదా గావాల్సింది, గొడుగు నిలవెట్టుకో. గొడుగైతె మొఖం చూపెట్టమని అడగది." కొడతాడనుకున్నాను. బాపు గోడకు తగిలించిన నల్ల గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు.

మళ్లీ నేను పోలేదు, ఆయన మళ్లీ పిలవలేదు. ఇద్దరిదీ ఒకే మొండితనం, ఒకే రక్తం కదా. ఏడాది తిరక్కముందే ఖాజా చాచాకు చెయ్యి వణకడం మొదలై, పని మానేసి బీదర్‌లో కొడుకు దగ్గరికి పోయాడు. తర్వాత పరదాలు బజారులో అచ్చేసినవి కొని తెచ్చాం, మంచు కొండలవి. బాపు మాత్రం శుక్రవారాలు మానలేదు. ఒక్కడే సైకిల్ మీద, కెమెరా, గొడుగు కట్టుకుని పోయేవాడు. ఎండిన మట్టి అంటిన గొడుగు చూసి, "వాన లేదు, వరద లేదు, గిదెందుకు మోస్కవోతవ్" అని అమ్మ అడిగేది. "ఉండనీ" అనేవాడు. నేను పుస్తకంలోంచి తల ఎత్తేదాన్ని కాదు. బాపు ఇంకోటి కూడా మానలేదు. ఏడాదికోసారి, ఉగాది ముందు, "రుక్కు, ఒక్క నిమిషం" అని నన్ను చౌకట్టు దగ్గరికి పిలిచి, చెక్క పలక పెట్టి గీత గీసేవాడు. అలవాటు చావలేదు కాబోలు అనుకుని, మూతి ముడుచుకునే నిలబడేదాన్ని. ఆఖరి గీత నా పెళ్లికి వారం ముందు. పెళ్లి ఫొటోలు వేరే అతను తీశాడు, కన్యాదానం చేసే చేతులకు కెమెరా పట్టడం కుదరదు కదా. బాపు పోయాక దుకాణం ఖాళీ చేసినప్పుడు అమ్మ ఒక రేకు డబ్బా ఇచ్చింది, నెగెటివులవి. అన్నిటిలో నా వీపే కదా అని మూత తీయకుండా సజ్జ మీద పడేశాను. ఇల్లు మారిన ప్రతిసారీ అదీ మారింది. మూత మాత్రం తీయలేదు.

సమీనాతో అబద్ధమాడిన సాయంత్రం స్టూలెక్కి ఆ డబ్బా దించాను. తర్వాత కిందికి పోయి, "రా బిడ్డా, జాగాలు చూపెడత" అన్నాను. నెగెటివులు బిస్కెట్టంత పెద్దవి, పొట్లాల్లో వరసగా పేర్చి ఉన్నాయి, పాతవి అడుగున, కొత్తవి పైన. లైటుకు ఎత్తి చూడబోతే నా కళ్లకు ఏమీ అందలేదు. సమీనా తన ఫోను తెరను తెల్లగా చేసి, దాని మీద నెగెటివు పెట్టి, నా ఫోనుతో ఫొటో తీసి, ఏదో నొక్కింది. నలుపు తెలుపై, తెలుపు నలుపై, జోడుగుండ్లు లేచి వచ్చాయి. చీకటి గదిలో బాపు గంటల తరబడి చేసిన పని, నొక్కినంతసేపట్లో. "యా అల్లా, ఎంత మంచిగుంది ఆంటీ! ఈ పోరి ఎవరు? అన్నిట్ల వీపే ఉంది."

"నేనే" అన్నాను.

జోడుగుండ్లవి అడుగు నుంచి ఒక్కొక్కటే చూస్తూ వచ్చాం. నేను ఆరేళ్ల దాన్ని, ఎనిమిదేళ్ల దాన్ని, పన్నెండేళ్ల దాన్ని. నా తల గుండు పగులుకు కిందనే ఉన్నా, ప్రతిసారీ కొంచెం దగ్గరవుతూ. తర్వాతి పొట్లంలో నేను లేను. నా చోట రాళ్లు పేర్చి ఉన్నాయి, వాటి సందులో గొడుగు గుచ్చి ఉంది, పిడి వంకీ పైకి. దాని తర్వాత దాంట్లోనూ అదే. దాని తర్వాత దాంట్లోనూ. మొదటిది తప్ప ఖాజా చాచా బీదర్ పోయినాక తీసినవి అవన్నీ. పరదా గీసేవాడు లేడు, కొలత అడిగేవాడు లేడు. కుంట తగ్గిపోతోంది, సీతాఫలం చెట్లు పలచబడుతున్నాయి, ఒక మూలన ప్లాటు హద్దురాయి కూడా వచ్చింది. గొడుగు మాత్రం అక్కడే. "ఆంటీ, చూసిన్రా, రాళ్లు పెంచుకుంట పోతుండు" అంది సమీనా, వేళ్లతో తెర పెద్దది చేసి. "ఈడ మూడు, ఈడ నాలుగు. గొడుగు పడకుండనా?" "అయ్యుంటది" అన్నాను.

సమీనా పోటీ కోసం స్నేహితులతో గండిపేట వైపు వెళ్లింది. రమ్మని నన్నూ పిలిచింది కానీ, పడుచు పిల్లల మధ్య నేనెందుకు. శుక్రవారం పొద్దున్నే ఆటో మాట్లాడుకుని జోడుగుండ్ల వైపు పోయాను. బార్కస్ దాకా దారి గుర్తుపట్టాను. తర్వాత గుర్తుపట్టడానికి ఏమీ లేదు. గుట్టలు సగం కోసిన రొట్టెల్లా ఉన్నాయి, వాటి పక్కన ఫంక్షన్ హాళ్లు, టైల్సు దుకాణాలు, ప్రహరీలు. రెండుసార్లు తప్పిపోయి, అడిగి అడిగి వెళ్తే, ఒక వెంచరు గేటు దగ్గర కనబడింది. జోడు కాదు, ఒక్కటే. ఎడమ గుండు. దాని ముఖాన ఇత్తడి రంగు అక్షరాలతో వెంచరు పేరు బిగించారు. గుండు చుట్టూ తిరిగి వెనక వైపు వెళ్తే, అటు అక్షరాలు లేవు. పలక బండ అలాగే ఉంది, గుండు అలాగే ఉంది, పగులు కూడా. మేము ఎప్పుడూ చూసింది ఆ వైపే. కుంట ఉన్నచోట పచ్చిక పరిచి, పిల్లల జారుడుబండ పెట్టారు.

సెక్యూరిటీ అతను వచ్చాడు, నలభై ఏళ్లుంటాయి. "ఎవలు గావాలె అమ్మా?"

"ఎవలు గాదు. ఈ గుండు చూద్దామని వచ్చిన."

"ప్లాట్లు చూడనీకొచ్చెటోళ్లను చూసిన గని, గుండును చూడనీకొచ్చినోళ్లను ఇయ్యాల్నే చూస్తున్న" అని నవ్వాడు.

"జోడుగుండ్లు గదా ఇవి, రెండోది ఏమైంది?"

"పేరు గూడ ఎరకేనా మీకు! మాది గీ ఊరే. అది కంకరై పోయిందమ్మా. మీరు వచ్చిన రోడ్డు కిందనే ఉంటది."

ఫొటో తీసుకుంటానంటే సరేనన్నాడు. ఫోను ఎత్తాను, దించాను. మధ్యలో మనిషి లేని ఆ జాగా ఎంత చూసినా ఎంత పెద్దదో అంతు చిక్కలేదు. కొలతకు నిలబెట్టడానికి నాకు ఎవరున్నారు? నా అవస్థ చూసి అతనే, "ఇటియ్యుండ్రి, నేను తీస్త, మీరు నిలవడుండ్రి" అన్నాడు. వెళ్లి నిలబడ్డాను. కాలివేళ్లు రాయికి తగిలేలా, ముఖం రాయి వైపు. కాళ్లకు గుర్తుంది.

"అమ్మా, ఇటు తిరుగుండ్రి. వీపు ఎవలన్న తీస్తరా?"

"గట్లనే తియ్యి కొడుకా. కొలత కోసం."

తీశాడు. గుండు నీడలో కూర్చుని ఆ ఫొటోను, మొన్న సమీనా అదే ఫోనులో తీసిన పాతవాటినీ పక్కపక్కన చూశాను. మొదటి గొడుగు ఫొటోలో వంకీ పగులుకు చాలా కింద ఉంది, పదమూడేళ్ల నా తల ఎక్కడుండేదో సరిగ్గా అక్కడ. రెండో దాంట్లో కొంచెం పైకి. మూడో దాంట్లో ఇంకొంచెం. అలా పోయి పోయి ఒక దాంట్లో వంకీ పగులును తాకుతోంది. ఆ తర్వాతవి నాలుగైదున్నాయి, వాటిలో రాళ్లు పెరగలేదు. నా ఎత్తు కూడా అక్కడే ఆగింది. అప్పుడు నాకు చౌకట్టు గుర్తొచ్చింది. ఉగాది ముందు పెన్సిల్ గీతలు, మూతి ముడుచుకుని నిలబడ్డ నేను, చీటీ మీద ఏదో రాసుకుని జేబులో పెట్టుకున్న బాపు. పడకుండా ఉండటానికి కాదు సమీనా, ఆ రాళ్లు. ఎవరూ గీయని పరదా కోసం, ఆ మనిషి ఏటేటా ఇంతదూరం ఒంటరిగా సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, నేనెంత ఎదిగానో అంత ఎత్తుకు రాళ్లు పేర్చి, నా చోటు పట్టి ఉంచాడు. గొడుగు పెట్టుకో అన్నాను కదా, పెట్టుకున్నాడు. నేను ఒక్క శుక్రవారం "నేనూ వస్తా" అని ఉంటే ఆ రాళ్లు మోసే పని తప్పేది ఆయనకు. అనలేదు. ఆయనా అడగలేదు. ఇంత ఆలస్యంగా తెలిసిన ప్రేమను ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. ఆ కంకర రోడ్డు పక్కన, పరాయి మనిషి ముందు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

"ఏమైందమ్మా? పానం మంచిగలేదా?" అని అతను కంగారుపడి నీళ్ల సీసా తెచ్చాడు.

ముఖం కడుక్కుని మళ్లీ ఫోను చూశాను. ఈ రోజు ఫొటోలో నా తలకూ, పగులుకూ మధ్య సన్నటి సందు ఉంది, గుండు మీద కొలిస్తే రెండు వేళ్లంత. వయసు మీద పడి నేను కుంగాను. బాపు పెట్టిన గొడుగు కుంగలేదు. లేచి చుట్టూ వెతికాను. పచ్చిక అంచున పలచని రాయి ఒకటి దొరికింది. రెండు వేళ్లంత మందమే ఉంటుంది. తెచ్చి గుండు మొదట్లో పెట్టి, అతని భుజం పట్టుకుని దాని మీదికి ఎక్కాను. ముఖం రాయి వైపు తిప్పుకున్నాను. నెత్తి పగులు అంచుకు తగిలింది, చల్లగా.

"ఇంకోటి తియ్యి కొడుకా" అన్నాను.

అతను వెనక్కి వెనక్కి నడిచి వెళ్లాడు. చాలా దూరం నుంచి గొంతు వచ్చింది, మనిషి కనబడలేదు.

"కదలకుండ్రి అమ్మా."

నేను కదలలేదు.